సైదులుకు మడి కట్టించిన శనివారం

ఒకానొక శనివారం నేను ఒక మంచి మనిషిని చంపబోయాను. అతను తెలివైనవాడు గనక తప్పించుకున్నాడు. ఇక మిగిలింది నేనే గనక నన్ను నేనే చంపుకోబోయాను. రెండు పనులూ పూర్తి భక్తిశ్రద్ధలతో చేశానని మనవి.

ముందు ఇంటి సంగతి. పన్నెండేళ్ళ కిందటి మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తూ, అక్కడే ఒక గల్లీలో పాత ఇల్లు కొన్నాను. ఆ ఇల్లు వయసులో నాకంటే పెద్దది. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద గుడ్డ చుట్టిన వైర్లు. ఈశాన్యం మూల చిన్న గది కనపడగానే దేవుడికి ఇచ్చేశాను. ఇంటికంతటికీ కరెంటు పంచే మెయిన్ బోర్డు ఆ గదిలోనే ఉంది. ఈశాన్యం దొరికిన ఆనందంలో అది నాకు లెక్కలోకి రాలేదు. రోజూ తెల్లవారగానే ఆ గది నేలతో పాటు గోడలు కూడా బకెట్లతో కడిగేవాణ్ణి. దేవుడి గదిలో తడి ఆరకూడదని నా సొంత సిద్ధాంతం.

మాకొక పారాయణ మండలి ఉంది. ప్రతి శనివారం సాయంత్రం ఒకరింట్లో ముప్పై మందిమి చేరి వెయ్యి నామాలూ చదువుతాం. మా ఇంటి వంతు కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. మండలికి పెద్దదిక్కు శేషమ్మ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడిన డెబ్బై అయిదేళ్ళ పెద్దావిడ. "నాకేమీ మర్యాదలు వద్దు నాయనా. ఫ్యాను ఉంటే చాలు. ఉక్కపోస్తే కళ్ళు తిరుగుతాయి" అన్నారు. "నాలుగు ఫ్యాన్లున్నాయమ్మా" అని ఛాతీ విరుచుకుని చెప్పాను.

మొన్నటి మే నెల. ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి టప్పుమంది. నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి కన్నుమూశాయి. ఫ్యూజు వైరు వేస్తే మళ్ళీ టప్. పారాయణం అయిదున్నరకి!

"ఎల్బీ నగర్‌ల సైదులన్న ఉన్నడు. మీర్‌పేట్‌ల మా అక్కోళ్ళ ఇంటి వైరింగ్ మొత్తం ఆయననే చేసిండు. ఫోన్ చెయ్యుండ్రి" అంది మా ఆవిడ సుజాత, పొయ్యి మీద శనగలు కలుపుతూ.

"మనిషి ఎసొంటోడు?"

"పని మంచిగ చేస్తడు."

"అది గాదు. ఆచారం, నిష్ఠ ఏమన్న ఉన్నదా?"

"ఫ్యూజు ఏపిస్తున్నమా, పిల్లనిస్తున్నమా?"

అరగంటలో సైదులు వచ్చాడు. భుజాన సంచి, కాళ్ళకు మందపాటి రబ్బరు చెప్పులు. నేను దేవుడి గది గుమ్మానికి అడ్డంగా ద్వారపాలకుడిలా నిలబడ్డాను.

"స్నానం చేసినవా?"

"పొద్దుగాలనే చేసిన సారూ."

"ఇయ్యాల ఏం తిన్నవ్?"

ఎలక్ట్రీషియన్ పనికీ తిండికీ సంబంధమేమిటో అర్థంకాక అతను బిత్తరపోయాడు. "తలకాయ కూర సారూ. మా బామ్మర్దింట్ల దావత్ ఉండె."

శనివారం! తలకాయ! నా గుండెలో ఫ్యూజు కూడా ఎగిరిపోయింది. వెంటనే నిర్ణయించేశాను. ఇతన్ని శుద్ధి చేయాల్సిందే. తలస్నానం చేసి తడి పంచె కట్టుకుంటే తప్ప లోపలికి రానివ్వనన్నాను. పాపం, మొహమాటం మనిషి. సుజాత అక్కవాళ్ళకు తెలిసినవాడు కూడాను.

"ఎండ మస్తుగున్నది, స్నానమేగా" అంటూ నల్లా కింద నాలుగు బకెట్లు పోసుకున్నాడు. అతను పోసుకుంటుండగానే, ఎందుకైనా మంచిదని అతని ప్యాంటూ చొక్కా కూడా నేను నీళ్ళలో ముంచేశాను. తడి పంచె కట్టించాను. నుదుట నిలువు నామం పెట్టాను. ఈలోగా దేవుడి గదిని ఇంకోసారి కడిగాను. అమృతంలోంచి అప్పుడే తేలినట్టున్న సైదులును ఒట్టి కాళ్ళతో గుమ్మం దాకా నడిపించుకొచ్చాను.

అతను ఒక కాలు లోపల పెట్టాడు. కింద నీళ్ళు చూశాడు. పైన బోర్డు చూశాడు. జుట్టులోంచి ముక్కు మీదికి కారుతున్న చుక్కను చూశాడు. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యొద్దు."

"అడుగు."

"నా మీద మీకేమన్న పాత పగ ఉన్నదా?"

"గదేం మాట!"

"తడి నెత్తి, తడి గుడ్డ, కింద నీళ్ళు, కాళ్ళకు చెప్పుల్లేవ్. గిట్ల బోర్డు ముట్టుకుంటె పోయేది ఫ్యూజు గాదు, నేను. స్నానం చేపిచ్చిన్రు, నామం గూడ మీరే పెట్టిన్రు. ఇగ నలుగురిని పిలిస్తె అయిపాయె."

"దేవుని గదిల దేవుడు చూసుకోడా?"

"ఆయన చూస్తడు సారూ. కరెంటు చూడదు."

గది తుడిచి ఆరబెట్టి తన చెప్పులు తనకిస్తే పని చేస్తానన్నాడు.

"చెప్పులతోని దేవుని గదిలకా? నా పానం పోయినా ఒప్పుకోను!"

"నేను జెప్పేది గూడ గా పానం సంగతే సారూ" అని వెళ్ళి గేటు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ఇంటికి పోదామంటే అతని బట్టలు నా పుణ్యాన పిట్టగోడ మీద ఆరుతున్నాయి మరి.

రెండయింది. ఉక్కకి ఇల్లు ఇడ్లీ పాత్రలా ఉంది. శేషమ్మ గారు మా హాల్లో కళ్ళు తిరిగి పడిపోవడం, మండలి మొత్తం విసనకర్రలతో నావైపు చూడటం కళ్ళముందు కదిలాయి. అప్పుడు నాకో మహత్తర ఆలోచన వచ్చింది. స్నానం చేసినవాణ్ణి, మడి కట్టినవాణ్ణి, తలకాయ తిననివాణ్ణి నేనుండగా ఇంకొకరెందుకు?

"ముట్టకుండ్రి!" అని వంటింట్లోంచి సుజాత అరిచేసరికే బోర్డు ముట్టాను.

షాపులో చీర మడత విప్పడానికి అంచు పట్టుకుని ఒక్కసారి జాడిస్తాం చూడండి, ఎవరో నన్ను అలా జాడించారు. వెనక్కి ఎగిరి నైవేద్యం కోసం పెట్టిన శనగల గిన్నెలో కూర్చున్నాను. ప్రాణం పోయేటప్పుడు నోట ఏ నామం వస్తే అదే గతి అని ఎన్ని శనివారాలు చెప్పుకున్నామో! వెయ్యి నామాలు కంఠతా వచ్చిన నా నోట, సరిగ్గా ఆ క్షణాన, గల్లీ చివరి దాకా వినపడేటట్టు వచ్చిన నామం ఇది:

"సైదులూ!"

తడి పంచె ఎగ్గట్టి, దొరికిన చెప్పుల్లో కాళ్ళు దూర్చి, అతను నేరుగా దేవుడి గదిలోకి దూసుకొచ్చాడు. నాకూ బోర్డుకూ మధ్య నిలబడ్డాడు.

"చెయ్యి ఆడియ్యుండ్రి సారూ. ఆడుతున్నదా? ఇగ ఏం గాదు."

సుజాత పరుగెత్తుకొచ్చి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "అయ్యో, పాయె!"

"నేనా?"

"మీరున్నరు గద. శనగలు పోయినయి" అని, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది.

నేనే గది తుడిచాను, ఆరబెట్టాను. సైదులుకు నా పొడి లుంగీ ఇచ్చాను. అతను బయట మీటరు దగ్గర కరెంటు ఆపి, దేవుడి గదిలో చెప్పులతో నిలబడి బోర్డు విప్పాడు. లోపలి నుంచి సన్నని ధార కారింది.

"సారూ, దీనికి రోజు అభిషేకం చేస్తున్నరా?"

తలవంచుకుని టార్చి పట్టుకున్నాను. తడిసిన వైర్లు కోసి, కొత్తవి లాగి, అయిదుంబావుకి నాలుగు ఫ్యాన్లనూ తిప్పాడు.

పారాయణం దివ్యంగా జరిగింది. సుజాత అప్పటికప్పుడు కలిపిన పులిహోర పంచుతుంటే, ఫ్యాను కింద హాయిగా కూర్చున్న శేషమ్మ గారు నా వేలికి కట్టిన గుడ్డ చూశారు. షాకు కొట్టిందని చెప్పక తప్పలేదు.

"ఎంత గండం గడిచింది నాయనా! మరి ఆ క్షణాన నోట ఏ నామం వచ్చింది?"

ముప్పై మంది నా మాట కోసం ముందుకు వంగారు. అబద్ధం చెబుదామంటే అప్పుడే పారాయణం చేసిన నోరు. నేను దగ్గుతుండగా వంటింటి గుమ్మంలోంచి సుజాత చెప్పేసింది.

"సైదులు అని వచ్చిందమ్మా."

శేషమ్మ గారు వరసలన్నీ కలయజూశారు.

"సైదులెవరు?"

చివరి వరసలో నా లుంగీ కట్టుకుని పులిహోర తింటున్న మనిషి ఎడమ చెయ్యి ఎత్తాడు.

"పిలవగానే వచ్చావా నాయనా?"

"ఉరికొచ్చిన అమ్మా. తడి పంచె మీదనే. చెప్పులు గూడ ఇడువలే."

శేషమ్మ గారు నావైపు తిరిగారు. "ఏనుగు మొర పెట్టుకున్నప్పుడు ఆయనా అంతే కదయ్యా, ఉన్నవాడు ఉన్నట్టే పరుగెత్తుకొచ్చాడు. నువ్వు పిలిచింది సరైనవాణ్ణే. స్నానం చేయించడమే అనవసరం."

మండలి మొత్తం గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది సైదులే.

కాబట్టి సమస్త దేవతల సాక్షిగా, మా ఇంటి మెయిన్ బోర్డు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ ఎలక్ట్రీషియన్‌కూ తలస్నానం చేయించను, నామం పెట్టను, అతని చెప్పుల జోలికి పోను. ఏం తిన్నావని ఎన్నడూ అడగను. తిన్నావా అని మాత్రం అడుగుతాను.