రెండు నీలమ్మవలసలు

2015 జూన్‌లో నన్ను శ్రీకాకుళం జిల్లా గణాంక కార్యాలయంలో ఉప గణాంకాధికారిగా వేశారు. రాష్ట్ర విభజన తర్వాత జరిగిన ఉద్యోగుల పంపకాల్లో నా పేరు ఇటు వచ్చింది. అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. అంతకుముందు ఇరవయ్యారేళ్లు హైదరాబాదులో ఒకే భవనంలో, దాదాపు ఒకే కుర్చీలో పనిచేశాను. జిల్లాల నుంచి వచ్చే పంట దిగుబడి పట్టికల్ని సరిచూసి సగటు కట్టడం నా పని. ఏ జిల్లాలో వరి ఎంత పండుతుందో నోటికి చెప్పగలిగేదాన్ని గాని, వరి కోత దగ్గర నిలబడి చూసింది ఎప్పుడూ లేదు. మాది అనంతపురం జిల్లా. మా ఇంట్లో వేరుశనగే తెలుసు.

శ్రీకాకుళంలో నాకు అప్పగించింది పంట కోత ప్రయోగాలు. బయటివాళ్లకు ఈ మాట వింతగా వినబడుతుంది కాబట్టి కొంచెం చెబుతాను. ఒక ఊళ్లో వరి ఎంత పండిందో తేల్చడానికి ఊరి పంటంతా తూచలేం. అందుకని లాటరీ పద్ధతిలో కొన్ని సర్వే నంబర్లు ఎంచుతారు. ఆ పొలంలో మళ్లీ లాటరీ మీదే ఒక చోటు ఎంచి, ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున చతురస్రం కొలిచి, అందులోని పైరును విడిగా కోసి, నూర్చి, తూస్తారు. ఊరి దిగుబడి ఆ తూకాల మీద తేలుతుంది. పంట బీమా కూడా దాన్నిబట్టే వస్తుంది. ఇదంతా రైతు కోత పెట్టుకున్న రోజునే జరగాలి. మనం చేరేలోగా పొలం కోసేస్తే కాగితం మీద ‘ప్రయోగం నష్టం’ అని రాయాలి. కోసేసిన పైరును మళ్లీ నిలబెట్టలేం కదా.

మొదటి రెండు ప్రయోగాలకు జీపులో, తోడు మనుషులతో వెళ్లాను. మూడోది నవంబరు చివరి వారంలో పడింది. రాజాం దాటి నీలమ్మవలస అనే ఊరు, అప్పలనాయుడు అనే రైతు పొలం. ఆ రోజుకు జీపు వేరే పనికి కేటాయించారు, తోడు రావలసినవాడికి జ్వరం. మా ఉపసంచాలకులు ముందురోజు నన్ను పిలిచి, ఇబ్బందైతే ఇంకొకరిని చూస్తానన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు. కానీ ఆ మాటలో, కుర్చీ మనిషికి పొలం పని చేతకాదులే అన్న అర్థం నాకు వినబడింది. నేనే వెళ్తానన్నాను.

అన్నానే గాని, అప్పటిదాకా ఒంటరిగా తెలియని ఊరికి వెళ్లి ఎరగను. ఆ సాయంత్రం ఫోన్లో మా అక్క పాఠం చెప్పింది. బస్సులో ఎవరితోనూ మాట కలపకూడదు. ఒక్కదాన్నే వచ్చానని చెప్పకూడదు. ఎవరైనా గుచ్చి అడిగితే చుట్టాలింటికి వెళ్తున్నానని చెప్పాలి. నేను ఆ పాఠాన్ని అక్షరాలా పాటించాను. సంచిలో టేపు, పురికొస, నాలుగు మేకులు, తూకం యంత్రం, టార్పాలిన్ పట్టా సర్దుకుని తెల్లవారి మొదటి బస్సులో రాజాం చేరాను. అక్కడ నీలమ్మవలస బస్సు ఏదని ఒక్కరినే అడిగి ఎక్కేశాను. పక్కన కూర్చున్నామె ఏ ఊరమ్మా అని అడిగితే, ముందుకు అని చెప్పి కిటికీ వైపు తిరిగిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు.

తొమ్మిది గంటలకు కండక్టరు నీలమ్మవలస అని దించాడు. రోడ్డు పక్కన ఒక పాక, అవతల పండిన వరిచేలు. బస్సు వెళ్లిపోయింది. అక్కడికి రావలసిన గ్రామ రెవెన్యూ అధికారి కనబడలేదు. ఫోను చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. రైతు నంబరు నా దగ్గర లేదు.

పాక దగ్గర ఒక ముసలామె గడ్డిమోపు దించుకుని కూర్చుంది. పేరు పైడమ్మ అని తర్వాత తెలిసింది. నన్ను కాసేపు చూసి ఎవులింటికమ్మా అని అడిగింది. చుట్టాలింటికి అన్నాను.

“ఏ సుట్టాలు? ఈ ఊర్ల నాకు తెలీని కొంప నేదు.”

నోటికొచ్చిన పేరు చెప్పాను, సత్యవతి గారిల్లు అని. ఆమె తొణకలేదు.

“సత్తెవతి అన్న మనిసే మా ఊర్ల నేదు. నివ్వు ఆపీసు మనిసిలాగున్నావు. ఏటి పనిమీదొచ్చినావో సెప్పు, నానేటి తినీస్తానా?”

నాకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను. ఎక్కడి నుంచి వచ్చానో, ఏం కొలవాలో, ఒక్కదాన్నే వచ్చానని కూడా. అప్పలనాయుడి పేరు వినగానే ఆమె మోకాలి మీద చెయ్యేసి లేచి నిలబడింది.

“అప్పలనాయుడు మా ఊరోడు కాదమ్మా. ఇది ఇజీనారం జిల్లా. నివ్వు ఎల్లాల్సిన నీలమ్మవలస రాజాం అవతల ఉన్నాది. మా పిల్లనిచ్చిన ఊరు.”

ఒకే పేరుతో రెండు ఊళ్లు. మధ్యలో రాజాం. నేను జిల్లా దాటి విజయనగరం జిల్లాలోకి వచ్చేశాను. ఎదుటి చేలో అప్పటికే కోత సాగుతోంది. అక్కడా సాగుతూనే ఉంటుంది. పైగా తూర్పున మబ్బు పట్టింది. వానకు భయపడి రైతులందరూ తొందరలో ఉన్నారు. తిరుగు బస్సు పదకొండున్నరకు గాని లేదని పైడమ్మ చెప్పింది. నా పేరు కింద నష్టం అని రాసుకున్నట్టే అనుకున్నాను.

ఇంతలో ఖాళీ గోనెసంచులు వేసుకుని ఒక మినీ వ్యాను వచ్చింది. పైడమ్మ వెళ్లి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. నడుపుతున్నది కామేశ్వరరావు, రాజాంలో వడ్ల వ్యాపారి. సంచులు ఇక్కడ దించి వెనక్కు వెళ్తున్నాడు. పైడమ్మ నా సంగతంతా నాకంటే బాగా అతనికి చెప్పింది. అతను అప్పలనాయుడు దగ్గర ఏటా వడ్లు కొంటాడట. అక్కడి నుంచే ఫోను కలిపాడు.

“మావా, కామేశ్వర్రావుని. కోత ఆపు. మీ సేను కొలిసే ఆపీసరమ్మ పొరపాట్న ఇటేపు నీలమ్మవలస వొచ్చీసినాది. నానే తెత్తన్నాను.”

అవతల చాలాసేపు మాటలు నడిచాయి. కోతవాళ్లు ఆ ఒక్క రోజుకే దొరికారట, మర్నాడు ఇంకో ఊరికి ఒప్పుకున్నారట. పక్క మడి ముందు కోయిస్తాను, పదకొండు దాటితే నా చేతిలో లేదు అన్నాడని కామేశ్వరరావు చెప్పాడు.

నేను వ్యాను ఎక్కి పైడమ్మకు దణ్ణం పెట్టబోతే, ఆమె గడ్డిమోపు పాకలో పడేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నా పక్కన ఎక్కి కూర్చుంది. నేను తెల్లబోయాను. కూతుర్ని చూసి ఏడాది దాటిందని ఆమె చెప్పింది. అల్లుడు తీసుకెళ్తే తప్ప వెళ్లలేదు. చదువు రాదు. ఒకసారి ఒక్కతే బయల్దేరిందట.

“రాజాంలో నీలమ్మవలస అన్నానమ్మా. బస్సోడు తిన్నగా తెచ్చి మా ఇంటి కాడే దించీసినాడు.”

కామేశ్వరరావు నవ్వు ఆపుకోలేక వ్యాను కొంచెం పక్కకు తీశాడు. నేనూ నవ్వాను. ఆ జిల్లాకు వచ్చిన ఐదు నెలల్లో అంతగా నవ్వడం అదే మొదలు.

రాజాంలో ఆమె వ్యాను ఆపించింది. మనవరాలికి ఖాజాలు కొనాలట. నేను గడియారం చూసుకుంటున్నాను. ఆమె పొట్లం కట్టేవాడికి ఖాజా ఖాజాకీ వంక పెడుతోంది. పది నిమిషాలు అక్కడ పోయాయి. వద్దని చెప్పే మొహం నాకు లేదు.

పొలం చేరేసరికి పదకొండుంపావు. గ్రామ రెవెన్యూ అధికారి నాకోసం చూసి చూసి వెళ్లిపోయాడట. పక్క మడి కోత పూర్తయింది. అప్పలనాయుడు గట్టు మీద కొడవలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కోతవాళ్లు పదిమంది ఆడవాళ్లు, నడుం కట్టుకుని నేను కొలవాల్సిన చేలో దిగడానికి సిద్ధంగా ఉన్నారు. వ్యానులోంచి ముందు పైడమ్మ దిగింది. అంతే, ఆ పదిమందిలో ఒకామె కొడవలి కింద పడేసి గట్టు వెంట పరుగెత్తుకొచ్చింది. పైడమ్మ కూతురు నాగమణి.

“అమ్మా, ఎవులితో వచ్చినావే?” అంది.

పైడమ్మ నా వైపు చెయ్యి చూపించి, ఎంతో నిదానంగా చెప్పింది. “ఈ ఆపీసరమ్మకి దారి తెలవదంట. దిగబెట్టడానికొచ్చినాను.”

కోతవాళ్లంతా పకపకా నవ్వారు. మేస్త్రి తొందరపెడుతున్నా ఎవరూ చేలో దిగలేదు. తల్లీకూతుళ్ల మాటలు అయ్యేదాకా కోత సాగదని తేలిపోయింది. నాకు కావలసినంత సమయం దొరికింది.

పని మొదలుపెట్టాను. పొలం నైరుతి మూల నుంచి పొడవూ వెడల్పూ కొలిచి, నా దగ్గరున్న లాటరీ అంకెల ప్రకారం చోటు గుర్తించాను. అప్పలనాయుడు అది చూసి, అక్కడ చేను పలచగా ఉందనీ, ఈశాన్యం మూల కంకులు బాగున్నాయి గనక అక్కడ కోయమనీ అన్నాడు. మంచి చోటు ఎంచితే లెక్క అబద్ధమవుతుందనీ, రేపు పంట పోయిన ఏడాది కూడా ఇలాగే కోస్తే దిగుబడి ఎక్కువ కనబడి రైతుకే బీమా రాదనీ చెప్పాను. అతను సరేనన్నాడు. ఒక మూల మేకు పైడమ్మ పట్టుకుంది, ఒకటి నాగమణి. ఐదేసి మీటర్ల భుజాలు కొలిచాక, ఎదురెదురు మూలల మధ్య ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు వస్తేనే చతురస్రం సరైనట్టు. మొదటిసారి రాలేదు. మేకు ఎవరు కదిపారని తల్లీకూతుళ్లు వాదించుకున్నారు. రెండోసారి సరిపోయింది. పురికొస గీత మీద పడ్డ దుబ్బుల్లో వేరు లోపల ఉన్నవే కోయాలని చెబితే, నాగమణి ఒక్కొక్క దుబ్బూ వంగి చూసి మరీ కోసింది.

పట్టా మీద నూర్చి, చేటలతో ఎగరబోసి, తూచాం. పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పలచగా ఉందన్న చోట అంత వచ్చినందుకు అప్పలనాయుడు రెండుసార్లు తూయించుకున్నాడు. నేను ఇరవయ్యారేళ్లు పట్టికల్లో చూసిన అంకె ఇలా పుడుతుందని ఆ రోజు, చేతినిండా వడ్ల దుమ్ముతో తెలుసుకున్నాను. మబ్బు వాన కురవకుండానే తేలిపోయింది. గట్టు మీద అందరితో కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ చోడి అంబలి తాగాను. చోళ్లంటే మా రాగులే. మా ఊళ్లో రాగి సంగటి చేస్తామని చెబితే, దాని ముద్ద ఎంతుంటుందో చేతులతో చూపించమన్నారు. చూపించాను. ఎవరూ నమ్మలేదు.

కాగితంలో సాక్షులిద్దరు కావాలి. అప్పలనాయుడు సంతకం చేశాడు. రెండోది పైడమ్మ వేలిముద్ర. ఆమె కూతురింట్లో ఉండిపోయింది. నేను సాయంత్రం వెలుగుండగానే శ్రీకాకుళం చేరాను. మర్నాడు ఉపసంచాలకులు కాగితం చూసి, సాక్షి వేరే జిల్లా మనిషేమిటని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు. ఆ తర్వాత ప్రయోగాలకు నాకు తోడు కావాలా అని అడగడం మానేశారు.

2019లో పదవీ విరమణ చేసేదాకా ఆ జిల్లా పల్లెలకు ఒంటరిగానే తిరిగాను. కొత్తగా చేరిన ఆడపిల్లలకు శిక్షణ తరగతుల్లో కొలతల గురించి చెప్పాక, ప్రయాణం గురించి కూడా చెప్పమనేవారు. ఇలా చెప్పేదాన్ని. పగటి పూట చేరేలా బయల్దేరండి. ఊరి పేరుతో పాటు ఆ పక్క ఊరి పేరూ అడగండి. పెట్టింది కొంచెమైనా తినండి. అనుమానం తోస్తే మర్యాద చూసుకోకుండా లేచి వచ్చేయండి. ఇక అన్నిటికన్నా ముందు, మీరెవరో, ఏ పనిమీద, ఎవరి దగ్గరికి వెళ్తున్నారో దారిలో కనీసం ఇద్దరికి నిజం చెప్పండి. వాళ్లలో ఒకరు ఆ ప్రాంతపు పెద్ద వయసు ఆడమనిషి అయితే మంచిది. మీకు సాయం చేయాలో వద్దో వాళ్లు నిర్ణయించుకోవడానికి ఆ మాత్రం సమాచారం కావాలి.