పేరు అడగని బోర్డు

మామ పోయాడన్న కబురు ఆయన టెలిఫోను బోర్డుకే వచ్చింది. మద్దేడ్ డిపో కన్నం మీది రేకు మూత టక్కున పడితే, సెలవు మీద ఇంటికి వెళ్లిన మామే పలకరిస్తున్నాడనుకుని సంబరంగా తీగ గుచ్చాను. డిపో మున్షీ గొంతు వినిపించింది. అన్నం తిని చాప మీద నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదన్నాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ వెనక వాన చప్పుడు. ఇక్కడ జగదల్‌పూర్‌లో మాత్రం ఎండ కాస్తోంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఈ బస్తర్ సంస్థానంలో టేకు, మద్ది కొట్టించే ఒక కలప కంపెనీకి ఆయన టెలిఫోను మనిషి. అడవి డిపోల నుంచి వచ్చే ఫోన్లన్నీ మొదట ఆయన ముందున్న చెక్క బోర్డుకే వస్తాయి. ఎవరి కోసమో కనుక్కుని కోత మిల్లుకో, బండ్ల షెడ్డుకో, మేనేజరు గదికో తీగ కలపాలి. పని అంతే. చిక్కల్లా ఇంటి ఆయన కోసం ఫోను చేసే ఆడవాళ్లతోనే. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. పేరు తెలియకపోతే ఇంత పెద్ద కంపెనీలో ఏ మూలనని వెతకడం?

మామ వెతికేవాడు. రిసీవరు చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, పగటి కల కంటున్నవాడిలా వింటూ కూర్చునేవాడు. ఒకసారి ఆవపల్లి నుంచి నడిచి మద్దేడ్ డిపోకు వచ్చిన ఒకామె ఫోను చేసింది. బిడ్డ జ్వరంతో పడి ఉందట, తండ్రిని పంపమంటుంది. పేరు మాత్రం చెప్పదు. పక్కన సాయంగా కూర్చున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మామ నిదానంగా అడిగాడు.

“మీ ఆయన ఎట్లాంటోడమ్మా?”

ఆమె ఆ అడవి పల్లెల దొర్లీ యాసలో సిగ్గుపడుతూ చెప్పింది. “ఎవలన్న తిడితే నవ్వుతడయ్యా.”

మామ కళ్లు తెరవకుండానే నవ్వి కోత మిల్లుకు గుచ్చాడు. అక్కడ దొరికాడు మనిషి. మేస్త్రీ చేత తిట్లు తింటూ నవ్వుతున్నాడట. ఆ సాయంత్రమే కలప లారీ ఎక్కి పోయాడు. బిడ్డ బతికింది.

“పేరడిగితే నోరు మూసుకుంటరురా. మనిషినడుగు, ఇడవకుండ చెప్తరు,” అనేవాడు మామ.

మేనేజరు సాబుకు ఇది గిట్టేది కాదు. ముచ్చట్లకు లైను అప్పజెబితే ధందా ఏం కావాలని మండిపడేవాడు. పేరు చెప్పందే కలపొద్దని హుకుం వేశాడు. కొలువు ఊడుతుంది మామా అని నేను బతిమాలితే, ఊడితే ఊడనీ, ఇంటికాడ మీ అత్త చేతి జావ తాగుతానని నవ్వేసేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ హుకుం బోర్డు గది గుమ్మం దాటలేదు. ఆయన పోయిన మర్నాడే అన్ని డిపోలకూ చెప్పించారు. అది చెప్పింది నా గొంతే. ఎంత ఏడుపొచ్చిందో నాకే తెలుసు.

అత్త మద్దేడ్‌లోనే ఉంటుంది. అంగడి రోజున కూరగాయలు కొన్నాక డిపోకు వెళ్లి ఫోను తిప్పేది. మామ “ఊఁ” అనేవాడు. అటు నుంచి ఆమె కూడా “ఊఁ” అనేది. ఆ తర్వాత వంకాయలు, వాన, కోడిపెట్ట. ఎవరు కావాలని ఆమెను ఎవరూ అడిగే పనే లేదు, ఈ చివర ఉన్నది ఆయనే కదా. మా ఆవిడకు నా పేరుతో పనిలేదురా అని మామ మురిసిపోయేవాడు.

దినాలు అయ్యాక మొన్న అంగడి రోజున మద్దేడ్ మూత పడింది. తీగ గుచ్చి, ఏమనాలో తోచక “ఊఁ” అన్నాను. అటు నుంచి వాన చప్పుడు. తర్వాత అత్త గొంతు.

ఆమె మామ పేరు చెప్పింది. పొయ్యి మీది వేడి గిన్నె దించినంత జాగ్రత్తగా, ఇంటిపేరుతో సహా చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. అది విన్నాక ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

“పేరు చెప్తెనే కలుపుతరంట గద అల్లుడా. చెప్పిన. ఇగ కలుపు.”

రెండో తీగ నా చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా కోత మిల్లు, బండ్ల షెడ్డు, మేనేజరు గది. దేంట్లో గుచ్చను? తీగ కింద పెట్టాను.

“మామ ఎట్లాంటోడత్తా?” అని అడిగాను.

అత్త చెప్పడం మొదలుపెట్టింది. బోర్డు మీద మూతలు ఒకటొకటే పడుతున్నాయి. మేనేజరుది కూడా పడింది. నేను కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నాను.