పూడిమడక నుంచి అనకాపల్లికి, మా అత్త గర్భసంచి పరీక్షకి

మా అత్త నూకరత్నానికి యాభై రెండేళ్లు. పూడిమడకలో చేపలమ్ముతుంది, రేవులో వేలంపాట ఆమె గొంతు లేనిదే మొదలవదు. అంత నోరున్న మనిషీ, వాళ్ల అప్ప, అంటే సొంత అక్క, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తో పోయిన రోజు కూలబడిపోయింది. ఆవిడ రెండేళ్లు రక్తం పోతున్నా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. అత్తకి ఏ బాధా లేదు, కానీ పుట్టి బుద్ధెరిగి ఒక్క పరీక్షా చేయించుకోలేదు. ఈమెనీ పోగొట్టుకోలేనని పట్టుబట్టాను.

సోమవారం ఏడింటికి బయల్దేరాం. అచ్యుతాపురం దాకా షేర్ ఆటో, మనిషికి ముప్పై. డ్రైవరు "ఏటి పిన్నీ, తట్ట లేకుండా ఎల్తన్నావు?" అనడిగితే అత్త తడబడకుండా "సీరలు కొనడానికిరా" అనేసింది. అక్కడి నుంచి అనకాపల్లి బస్సు, ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ ఉచితం. మొత్తం గంటన్నర పట్టింది. ఆసుపత్రిలో ఫీజు మూడు వందలు. ముందుగా ఫోన్‌లో లేడీ డాక్టరే కావాలని చెప్పి ఉంచాను.

బరువు, బీపీ చూశాక డాక్టరమ్మ నెలసరి ఎప్పుడాగిందో, కాన్పులెన్నో అడిగింది. ఆ తర్వాత "ఈ రెండ్రోజుల్లో లోపల ఏమైనా కడుక్కున్నారా?" అంది. అత్త ఛాతీ విరుచుకుని, "పొద్దున్నే సబ్బెట్టి, పసుపు నీళ్లోసి లోపలంతా కడిగీసేనమ్మా. మీకాడ సేపల వాసన రాకూడదు కదా!" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. "వాసనతో నాకేం ఇబ్బంది లేదమ్మా. కడిగేస్తే పరీక్షకి కావలసిన కణాలు సరిగ్గా దొరకవు. ఇంకేమీ కడగకుండా గురువారం రండి" అంది.

తిరుగు బస్సులో అత్త నాకు దూరంగా వేరే సీట్లో కూర్చుంది. ఎలాగో ఒకసారి తెచ్చాను, ఇక రాదనుకున్నాను. తీరా గురువారం పొద్దున్న తలుపు తీస్తే, ఉతికిన చీరలో వాకిట్లో నిలబడి ఉంది. వెనకాల ఇద్దరు పక్కింటి ఆడవాళ్లు! "ఏటలా సూత్తావు? ఈళ్లూ వత్తారు, పద" అంది. ఆటోవాడు మళ్లీ అడిగితే ఈసారి బిగ్గరగా చెప్పింది: "గర్భసంచి పరీక్షకిరా. మీ ఆవిడనీ తీసుకెల్లు." వాడు గబుక్కున ముందుకు తిరిగి బండి తోలాడు. నాకైతే ఈల వేయాలనిపించింది!

పరీక్ష ఇలా ఉంటుంది. తెర వెనక మంచం మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి ఎడంగా పెట్టమంటారు, నడుము మీదుగా దుప్పటి కప్పుతారు. లోపలి దారి తెరవడానికి ఒక సాధనం పెడతారు, చల్లగా, కాస్త ఒత్తిడిగా ఉంటుంది. చిన్న బ్రష్‌తో ముఖద్వారం నుంచి కణాలు తీస్తారు. తర్వాత గ్లౌజు వేసుకున్న వేళ్లు లోపల ఉంచి, రెండో చేత్తో పొత్తికడుపు నొక్కి గర్భసంచి చూస్తారు. డాక్టరమ్మ ప్రతిదీ చెప్పే చేసింది. ఆపమంటే ఆపుతానంది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

అత్త లేచి కూర్చుని చీర సర్దుకుంది. "ఇంతేనా?" అని నవ్వింది. మరుక్షణమే కళ్లు నిండాయి. "ఈపాటి దానికేటే, మా అప్ప సచ్చిపోయింది?"

వారానికి అత్తదీ, ఆ ఇద్దరిదీ, ముగ్గురి రిపోర్టులూ బాగున్నాయని ఫోనొచ్చింది. అత్తని మూడేళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు రేవులో చేపల పాట ఆపేసి మరీ అందరికీ చెప్పింది. ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, ఇంత గర్వంగా ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు. మా ఇంట్లో సిగ్గు ఒకరిని మింగింది, రెండో మనిషిని మాత్రం వదిలిపెట్టింది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. చీరగానీ వదులు పావడాగానీ కట్టుకోండి, లోపలికి వెళ్లే ముందు మూత్రానికి వెళ్లి రండి. తోడు లేదని మాత్రం ఆగకండి. పూడిమడక రేవులో నూకరత్నం ఎవరని అడగండి, చేపల తట్ట దించి మరీ వస్తుంది.