సుగుణమ్మ టీచర్ నేర్పిన విన్నపం

గంజి పెట్టిన నూలు చీర మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే తడి ఆవిరి వాసన తగిలితే చాలు, ఆళ్లగడ్డలో మా తెలుగు టీచర్ సుగుణమ్మ గారు గుర్తొస్తారు. బడికైనా, ఆదివారం చర్చికైనా అదే గంజి చీర, అదే నిటారు నడక. ఆమె అంటే నాకు భయం, అంతకు మించి ఇష్టం.

డెబ్బైల చివర్లో నా పదో తరగతి అయిపోయింది. నంద్యాల వెళ్లి కాలేజీలో చేరాలని నా ఆశ. సేద్యం చేసే నాయన మాత్రం "సదివింది సాలు, ఆడపిల్లవి ఇంటికాడ ఉండు" అనేశాడు. అన్నం మానేశాను, మూలన కూర్చుని ఏడ్చాను, ఆయన కాళ్లు కూడా పట్టుకున్నాను. కాలేజీ ఎందుకు కావాలో మాత్రం నోరు తెరిచి చెప్పలేదు.

మా చర్చిలో ఆరాధన చివర ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటారు. వాటిని ప్రార్థన విన్నపాలంటారు. ఆ ఆదివారం ఒకరు ఎద్దు జబ్బు గురించి, ఇంకొకరు వాన గురించి చెప్పారు. నాకేం బుద్ధి పుట్టిందో, లేచి నిలబడి, "మా నాయన నన్ను నంద్యాల కాలేజీకి పంపేట్టు ఆయన మనసు మార్చమని ప్రార్థన చేయండి" అనేశాను. చర్చి అంతా ఆమేన్ అంది, మగవాళ్ల వైపు కూర్చున్న మా నాయన తప్ప!

ఇంటికొచ్చాక ఆయన నాతో పలకలేదు. సాయంత్రం టీచర్ వచ్చారు. పెరట్లో ఏడుస్తున్న నా పక్కన కూర్చున్నారు.

"విన్నపమంటే ఏమనుకుంటాండావ్ మే? కాళ్ల మీద పడడమా?"

తలూపాను.

"కాదు. సంస్కృతంలో అది విజ్ఞాపనం. తెలియజేయడమని అర్థం. మన నోళ్లలో నలిగి విన్నపమైంది. బతిమాలడం తర్వాత వచ్చి చేరింది. దేవునికి తెలియందేముంది? తెలియంది మీ నాయనకే. పోయి చెప్పు."

నాయన దగ్గరికి వెళ్లాను. "నాయనా, నేను టీచరు కావాల. దానికి కాలేజీ సదువు కావాల. ఆడనే హాస్టల్లో ఉంటా."

"చర్చిలో అందరికీ చెప్తివి, నాకు చెప్పకపోతివి" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "టౌన్లో ఒక్కదానివి యాడుంటావో అని నాకూ బయమే కదా మే. హాస్టలుందని నాకేం తెల్సు? ఏ బస్సుకు పోదామో టీచరమ్మను అడుగు."

ఆ తర్వాత ఉద్యోగం కోసం, బదిలీ కోసం, నా పిల్లల కోసం ఎందరి ముందో నిలబడ్డాను. నాకేం కావాలో, ఎందుకు కావాలో చెప్పాను. కొందరు కాదన్నారు. అయినా ఏ గదిలోంచీ చిన్నబోయి బయటికి రాలేదు.