కంచు బొమ్మ ముఖం మీది బంగారం

2011 అక్టోబరు 9, ఆదివారం. హెర్న్‌డన్, సుగుణగారి ఇల్లు.
ఉన్నవారు: సుగుణగారు, ఆమె కోడలు లావణ్య, నా భార్య వసుంధర, నేను.
గడియారం అప్పగించాను. సరిగ్గా నడుస్తోంది. బొమ్మ మీది బంగారు పూత ముందే పోయి ఉంది.

ఇది నా డైరీలోంచి ఎత్తి రాశాను. తేదీ నిజం. మనుషులు నిజం. ఆఖరి వాక్యం అబద్ధం. దాన్ని పదమూడేళ్లుగా మోస్తున్నాను. నేను తప్ప ఎవరూ తెరవని పుస్తకంలో అబద్ధం ఎందుకు రాశాను? ఎవరిని నమ్మించాలని? బహుశా ముసలితనంలో మరిచిపోయాక ఆ పేజీ చదువుకుని, అదే నిజమనుకుని, హాయిగా ఉందామనుకున్నానేమో. మరిచిపోలేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అది నాకు కొంత ధైర్యం.

కొలత పరికరాలు తయారు చేసే కంపెనీలో తనిఖీ పని చేసి రిటైరయ్యాను. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపేవాణ్ణని పేరు. తరువాత పాత గడియారాలు బాగుచేయడం నేర్చుకున్నాను. ఇక్కడ అమెరికాలో తెలుగువాళ్లలో ఎవరింట్లో గడియారం ఆగినా సంచిలో పెట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు.

ఈ గడియారం ప్రభాకరరావుది. నా స్నేహితుడు, సుగుణగారి భర్త. ఈ దేశానికి వచ్చిన కొత్తలో అతను ఒక అమెరికన్ ముసలావిడ ఇంట్లో మేడ మీద గదిలో అద్దెకున్నాడు. ఆవిడకు ఎవరూ లేరు. పోతూ పోతూ దీన్ని అతని పేర రాసింది. ఫ్రాన్సులో చేసింది, రెండు వందల ఏళ్ల నాటిది. కంచుతో పోతపోసిన ఒక స్త్రీ ఒళ్లో పుస్తకం తెరిచి, గడియారం మీద మోచెయ్యి ఆనించి కూర్చుని ఉంటుంది. ఒళ్లంతా బంగారు పూత. ఫైర్‌ప్లేస్ మీది అరలో ఉండేది. ఆదివారం కాఫీ తాగాక ప్రభాకరరావు దానికి తాళం తిప్పేవాడు. 2011 వసంతంలో అతను పోయాడు. వేసవిలో లోలకం వేలాడే పట్టుదారం తెగి గడియారం ఆగిపోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది, నడిపించండి చాలు, అన్నారు సుగుణగారు.

నడిపించండి చాలు. ఆమె అడిగింది అంతే.

నాలుగు రోజులు పని చేశాను. అంత చక్కటి పని నేను మళ్లీ చూడలేదు. ఎవరి కంటా పడని పళ్లచక్రాలకు కూడా అంచు అంచునా చేత్తో మెరుగు పెట్టారు. మరమేకుల తలల్ని నిప్పు మీద కాచి నీలిరంగు తెప్పించారు. వెనకపలక మీద, దాన్ని అంతకు ముందు బాగుచేసినవాళ్లు సూదితో గీసుకున్న పేర్లు, సంవత్సరాలు. పట్టుదారం కొత్తది కట్టాను. ప్రతి మరమేకు ఎక్కడిదో డైరీలో బొమ్మ వేసుకున్నాను. అక్కడితో ఆగవలసింది.

ఆగలేదు. బొమ్మ మసకగా అనిపించింది. అది దసరా ముందు వారం. పూజలో కుందులు తోమడానికి వసుంధర చింతపండు నానబెట్టింది. మన ఇళ్లలో పుట్టినవాడికి మాసిన ఇత్తడి లాంటిది కనబడితే చెయ్యి చింతపండు వైపే పోతుంది. గుజ్జు, గళ్లుప్పు, కొబ్బరిపీచు. మూలల్లో వదలకపోతే గిన్నెలు తోమే పొడి. జీవితమంతా కొలవకుండా ఒక్క పనీ చేయనివాణ్ణి, దీని మీద ఉన్నదేమిటని ఒక్క క్షణం కూడా ఎందుకు ప్రశ్నించుకోలేదు? తెలిసినవాణ్ణని నమ్మకం, ఒక వితంతువు ముఖంలో సంతోషం చూడాలన్న ఆశ, ఇంకా నిజం చెప్పాలంటే, ఆహా అనిపించుకోవాలన్న కోరిక. తళతళలాడింది. వసుంధరను పిలిచి చూపించాను.

రెండు రోజులకు ముక్కు, వేళ్ల కణుపులు, మోకాళ్లు పచ్చటి ఇత్తడిలా తేలి, ఆపైన గోధుమరంగుకు తిరిగాయి. బట్ట మడతల లోతుల్లో మాత్రం పాత బంగారం మెత్తగా మిగిలింది. అప్పుడు చదివాను. పాదరసంలో బంగారం కరిగించి, కంచుకు పూసి, నిప్పు మీద కాల్చేవారట. పాదరసం ఆవిరైపోయి బంగారం మిగిలేది. ఆ ఆవిరి పీల్చి ఆ పనివాళ్లు తొందరగా పోయేవారట. బట్ట అంచుల్ని రాయితో రుద్ది మెరిపించి, ముఖాన్ని, చేతుల్ని కావాలనే మసకగా వదిలేసేవారు, దీపం వెలుగు వాటి మీద మృదువుగా పడాలని. నేను మురికి అనుకున్నది పనితనం. తిరిగి పూయడానికి మార్గమేమైనా ఉందా అని వెతికాను. ఆ పద్ధతి విషం కనుక ఇప్పుడు దాదాపు ఎవరూ చేయరు.

ఆదివారం కారులో వెళ్తూ చెప్పవలసిన మాట కూర్చుకున్నాను. ప్రతి సిగ్నల్ దగ్గరా మనసులో అప్పజెప్పుకున్నాను. గడియారం అరలో పెట్టాను. గంట కొట్టింది. సుగుణగారు కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా వెళ్లారు.

"అన్నయ్యగారూ, ఈ అమ్మాయి ముఖం ఇలా తేలిపోయిందేమిటి?"

"ముందే ఎవరో గట్టిగా తోమారమ్మా," అన్నాను. "దుమ్ము పోయాక బయటపడింది."

ఎలా వచ్చింది ఆ మాట? కూర్చుకున్నది అది కాదు. ఆమె నన్ను మరేమీ అడగలేదు. లావణ్య వైపు తిరిగారు. ఆ అమ్మాయికి పెళ్లయి ఏడాదిన్నర. మామగారి కర్మలకు వచ్చే బంధువుల కోసం ఇల్లంతా తనే శుభ్రం చేసింది.

"నేను పొడిగుడ్డతో తుడిచానంతే అత్తయ్యా."

"తుడిస్తే బంగారం పోతుందటే?"

లావణ్య నా వైపు చూసింది. ఆ గదిలో ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పోదు అని ఒక్క మాటంటే చాలు. నేను వంగి లోలకం సరిచూస్తున్నాను. అందులో సరిచూడవలసిందేమీ లేదు.

ఇంటికి వచ్చి కారు దిగాక, చెప్తారనుకున్నాను, అంది వసుంధర. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

సుగుణగారు కోడలిని తిట్టలేదు. అరిచే మనిషి కాదు. కానీ ఆ ఇంట్లో పూజ వెండి ఇక లావణ్య చేతికి వెళ్లలేదు. కీళ్లనొప్పులతో వేళ్లు ముడుచుకుపోయినా సుగుణగారే కడుక్కునేవారు. చేతకాని రోజున పక్కింటి తెలుగావిడను పిలిచేవారు. పదిమంది భోజనాలకు కలిసినచోటల్లా, "మా లావణ్య చెయ్యి పడితే బంగారమైనా ఇత్తడే," అని నవ్వేవారు. అందరూ నవ్వేవారు. మొదట్లో లావణ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. కొన్నేళ్లకు తనూ నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. అన్నీ లెక్క పెట్టేవాణ్ణి.

చెప్పడానికి అవకాశం లేకపోయిందా? ప్రతి నెలా ఉంది. ముందు, కొంచెం సర్దుకోనీ అనుకున్నాను. తరువాత, ఇన్నాళ్లకు ఎందుకు అనుకున్నాను. ఆ తరువాత సుగుణగారికి గుండెజబ్బు, కదిలించకూడదనుకున్నాను. ప్రతిదీ న్యాయంగానే కనిపించింది. నిరుడు సుగుణగారు పోయారు.

మొన్న ఆదివారం ఆమె సంవత్సరీకం. భోజనాలయ్యాక లావణ్య గడియారం మీది దుమ్ము దులుపుతోంది. మెత్తటి బ్రష్షుతో, ముఖానికి తగలకుండా, చుట్టూ. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది.

"నేనే తోమేసుంటాను అంకుల్. గుర్తు లేదు గానీ, అప్పుడు నాకేం తెలుసని?"

నోరు తెరిచాను. ఎవరో స్వీటు తెచ్చి చేతిలో పెట్టారు. తిన్నాను.

ఇన్నాళ్లూ ఆమె మీద నింద వేశాననే అనుకున్నాను. నింద అయితే తీసేయవచ్చు. నేను ఆమె జ్ఞాపకంలోకి వెళ్లి లేనిదాన్ని పెట్టాను. అది ఎలా తీయను?

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేశాను. వరసగా చెప్పాను. ఏ రోజు, ఎక్కడ, చింతపండు, ఉప్పు, పొడి, ఆ తరువాత ఆ మాట. తనిఖీ రిపోర్టు చదువుతున్నట్టు చదివాను. మరోలా చెప్పడం నాకు రాదు.

"అత్తయ్యకి ఎప్పుడైనా చెప్పారా అంకుల్?"

"లేదమ్మా."

తొమ్మిదికి మీటింగ్ ఉంది, జాయినవ్వాలి అంది. గొంతులో కోపం ఉందా అని వెతికాను. ఏమీ దొరకలేదు. పెట్టేసింది.

కుర్చీలో కూర్చున్నాను. ఊపిరి అడుగు దాకా వెళ్లింది. చాలా ఏళ్లయింది అలా వెళ్లి. ఆ తేలిక నాకు న్యాయంగా రావలసింది కాదని తెలుసు. అయినా వచ్చింది. సిగ్గుపడుతూనే పీల్చుకున్నాను.

వసుంధర వంటింట్లోంచి వచ్చి ఏమందని అడిగింది.

మీటింగుందట, అన్నాను.