గొంగట్లో టర్కీ కోడి

ఇది జరిగింది డిసెంబరు ఇరవై నాలుగు, మంగళవారం, పొద్దున ఏడున్నరకు. ఆ రోజుల్లో నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లను. వయసు యాభై ఎనిమిది. (నవ్వకండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదానికి అంతకంటే ముందు ఉద్యోగం ఎవరిస్తారు?) ఖమ్మంలో, తాగుడికీ గంజాయికీ చిక్కి రోడ్ల మీద పడుకునేవాళ్ల కోసం చర్చివాళ్లు నడిపే ఆశ్రమంలో వంటమనిషిని. అక్కడి నర్సు సిస్టరమ్మ మొదటి రోజే పాఠం చెప్పింది: పడుకున్న మనిషిని వెనక నుంచి తట్టకూడదు, మూట ముట్టకూడదు, ఒంటరిగా పోకూడదు, రమ్మని అడగాలే గానీ గుంజకూడదు. ఆకలిగొన్నవాడికి ఇన్ని మర్యాదలా అని నాకు ఒళ్లు మండేది.

మా గేటుకు ఎదురు గోడవారన నల్ల గొంగడి కప్పుకుని ఒకాయన ఉండేవాడు. అందరికీ గొంగడాయనే. కాలి మీద పెద్ద పుండు. ఇక కట్టు కట్టకపోతే కాలే తీసేయాల్సి వస్తుందని సిస్టరమ్మ దిగులు. ఇచ్చిన అన్నం తినేవాడు, గేటు మాత్రం దాటేవాడు కాదు. ఒకసారి నేను రెక్క పట్టి లాగితే ఆ తర్వాత నా చేతి అన్నం కూడా ముట్టలేదు.

ఆ క్రిస్మస్‌కు, పండగ ముందురోజే అందరికీ టర్కీ కోడి పెట్టాలని మా ఫాదర్‌కు బుద్ధి పుట్టింది. కోళ్ల సంగతి నాకు తెలియదా అని సోమవారం నేనే దమ్మపేట దాకా పోయి, పెంచేవాళ్ల దగ్గర రొమ్ము నొక్కి, కాలి ముళ్లు చూసి, లేత పుంజును ఏరి, తల బయటికి ఉంచి గోనెసంచిలో కట్టి తెచ్చాను. (అది నెమలా అని బస్సు కండక్టరు అడిగితే, అవ్ అని అబద్ధమాడబోయి భయపడి మానుకున్నాను.) కోసేముందు కోడికి నీళ్లు తాగించడం మా ఇంటి పద్ధతి. తెల్లారి కాళ్ల తాడు విప్పి గిన్నె పెట్టాను. అది నీళ్లు తాగలేదు. మా వాచ్‌మన్ మామ తీసి ఉంచిన గేటు దాటి, రోడ్డు దాటి, గొంగడాయన ముందు తోక విప్పి నిలబడింది.

నేను చీర ఎగదోపి వెనక నుంచి ఉరికాను. గొంగడాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎనక నుంచి పోకు అక్కా. బెదురుతది. ముంగటికొచ్చి కూసో, అదే వస్తది."

సిస్టరమ్మ పాఠం అక్షరం తప్పకుండా ఆయన నోట విని, రోడ్డు మీదే చతికిలబడ్డాను. ఆయన గొంగడి పరిచి, గుప్పెడు మెతుకులు చల్లి, మెల్లగా చుట్టేశాడు. ఇటియ్యి అంటే, నీ చేతిల పెడితే మళ్ల ఉరుకుతదన్నాడు. కోడిని చంకనెత్తుకుని, కుంటుకుంటూ, తానే గేటు దాటాడు.

ఈకలు ఆయనే పీకాడు, పసుపు రాసి గడ్డిమంట మీద కాల్చాడు. కత్తి మాత్రం నా చేతిలోనే. మా దిక్కు కోడిని పట్టినవాడిదే కార్జం. నిప్పుల మీద కాల్చి, ఉప్పు చల్లాను. సిస్టరమ్మ దూది, కట్టు పట్టుకుని దూరంగానే నిలబడింది. కాలు పట్టి గుంజాలని నా చేతులు ఊరుకోవడం లేదు. ఆయన ముందుకొచ్చి కూర్చుని, కార్జం చాపాను.

"తమ్మీ, ఇది నీది. కాలు సూపిస్తవా? వద్దంటే వద్దు, కార్జం ఎట్లైనా నీదే."

ఆయన కార్జం అందుకుని, కాలు ముందుకు జరిపాడు.

"నేను తింటాంటే కట్టుర్రి. నొప్పి ఎరుక కాదు."

నేను గెలిచాను. జీవితంలో మొదటిసారి, అడిగి గెలిచాను. మధ్యాహ్నం ఫాదర్ వచ్చి, నిండు టర్కీని ఎర్రగా కాల్చిన బొమ్మ ఫోనులో చూపించాడు. నేను అప్పటికే ముక్కలు కొట్టి, మెత్తబడాలని బొప్పాయి కాయ వేసి పులుసు పెట్టేశాను. ఆయన బొమ్మనూ గిన్నెనూ మార్చి మార్చి చూసి, మారు వడ్డించుకున్నాడు. తాగుడు అంత తేలిగ్గా వదల్లేదు గానీ, గొంగడాయన కాలు నిలిచింది.

ఆ రోజు అక్కడున్నది సిస్టరమ్మ, ఫాదర్, వాచ్‌మన్ మామ, గొంగడాయన, రోడ్ల మీద నుంచి వచ్చి పంక్తిలో కూర్చున్న మావాళ్లు, ఇంకా నేను. నేనంటే ఇప్పటి ఈ మోకాళ్ల నొప్పుల ముసలిది కాదు, టర్కీ వెనక చీర ఎగదోపి ఉరికిన ఆ యాభై ఎనిమిదేళ్ల పిల్ల. దాని పరుగు చూస్తే ఇప్పటికీ నాకు ముద్దొస్తుంది.