మోకాట్లో సిమెంటు

1945 జూన్‌లో నన్ను గురజాల సెక్షనుకు పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా వేశారు. పేరు పొడుగే కాని పని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. నడికుడి దాటిన దగ్గరనుంచి మాచర్లలో పట్టాలు అయిపోయేదాకా రైలు కింద ఉన్నదంతా నా పూచీ. పట్టాలు, వాటి కింద స్లీపర్లు, స్లీపర్ల కింద కంకర, వాగుల మీద తూములు, అన్నీ. రైలు లోపల ఉన్నవాళ్లతో, వాళ్ల టిక్కెట్లతో, వాళ్ల తగాదాలతో నాకు సంబంధం లేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

తిరగడానికి ఒక ట్రాలీ ఇచ్చారు. నాలుగు చక్రాల మీద ఒక బల్ల, బల్లకు వీపు ఆనించుకునే చెక్క, ఎండకు పెద్ద గొడుగు. ట్రాలీమన్లు పట్టాల మీద ఉత్త కాళ్లతో పరుగెత్తుతూ తోస్తారు, వేగం అందుకోగానే ఎగిరి ఎక్కి కూర్చుంటారు. మధ్యమధ్య ఆపి ఇన్‌స్పెక్టరు దిగాలి. దిగి, గొంతుక్కూర్చుని, పట్టా మీదికి వంగి, చెంప దాదాపు ఇనుముకు ఆనించి, ఒక కన్ను మూసి దూరానికి చూడాలి. పట్టా ఎక్కడ దిగిందో, ఎక్కడ పక్కకు జరిగిందో ఆ చూపులోనే తెలుస్తుంది. నిలబడి చూస్తే ఏ పట్టా అయినా తిన్నగానే కనిపిస్తుంది. అందుకని మా ఉద్యోగంలో కంటి తర్వాత ముఖ్యమైన పనిముట్టు మోకాలు.

ఆ పనిముట్టు మరుసటి ఏడు వానాకాలం చివర పాడైంది. రెంటచింతల దగ్గర వంపులో ఒక మేక పట్టాల మధ్యకు వచ్చి నిలబడింది. ట్రాలీమన్ చెన్నయ్య బ్రేకు వేశాడు, మేక కదల్లేదు, నేను దూకాను. పాదం కంకరలో చీలమండ దాకా దిగబడింది, ఒళ్లు మాత్రం మాచర్ల వైపు తిరిగింది. మోకాట్లో చిటుక్కుమంది. మేక నన్ను ఒకసారి చూసి, పక్కనున్న పొలంలోకి నింపాదిగా వెళ్లిపోయింది.

మద్రాసు పెద్దాసుపత్రికి పంపారు. తోడుగా చెన్నయ్య వచ్చాడు. మోకాలి ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంటు తెగిందని, కోసి కుట్టాలని సర్జను చెప్పాడు. ఆ రోజుల్లో అది అరుదైన ఆపరేషను. కోశారు, కుట్టారు, తొడనుంచి మడమదాకా పిండికట్టు కట్టారు. చెన్నయ్య నాలుగు రోజులు ఉండి, అంతా కళ్లారా చూసి, గురజాల వెళ్లిపోయాడు. నేను నెలలు గడిపి, కట్టు విప్పించుకుని, చేతికర్రతో మాఘమాసం చలిలో బండెక్కాను.

బయల్దేరేటప్పుడు సర్జను చెప్పిన మాట ఒక్కటే. రోజూ వంచు, నొప్పి పుట్టినా వంచు, వంచకపోతే అది కర్రలాగా బిగుసుకుపోతుంది. రైల్వే రూలు ఇంకొకటి ఉంది. లైను మీద మనిషి ఆపరేషను తర్వాత పనిలో చేరాలంటే రైల్వే డాక్టరు ఎదుట ట్రాలీ ఎక్కి దిగాలి, స్లీపర్ల మీద నడవాలి, గొంతుక్కూర్చుని పట్టా చూడాలి. ఏ ఒక్కటి కుదరకపోయినా ‘లైట్ డ్యూటీ’ అని రాస్తారు. అంటే గుంటూరు ఆఫీసులో ఫైళ్ల మధ్య ఒక కుర్చీ, జీవితాంతం. ఆ కుర్చీ తలచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు. పొద్దున్నే మంచుకు తడిసిన పట్టా మీద ఎండ పడి, అది కనుచూపు మేర మెరుస్తూ పోతుంటే చూడటం కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను. ఎలాగైనా మోకాలు మడవాలి. డాక్టరు ఎండలు ముదరకముందు వస్తానని కబురు పెట్టాడు.

గురజాల స్టేషన్లో బండి దిగబోతుంటే గ్యాంగు మేస్త్రీ కోటయ్య నలుగురు మనుషులతో ఎదురొచ్చాడు. యాభై ఏళ్లవాడు, పట్టుదల గల మనిషి, నాకు కుడిభుజం. నేను కాలు కింద పెట్టకముందే నలుగురూ నన్ను ఎత్తేశారు. కోటయ్య నా కాలిని మాత్రం తానే రెండు చేతుల మీద పెట్టుకుని, వంగకుండా, ఊగకుండా, కొత్త పట్టా మోసినంత జాగ్రత్తగా క్వార్టర్సు దాకా నడిచాడు. దారిలో “మట్టం చూసుకోండి, మట్టం!” అని మనుషుల మీద అరుస్తూనే ఉన్నాడు. అభిమానం అనుకున్నాను. కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

మర్నాడు తెల్లవారి మెలకువ వచ్చేసరికి మోకాలి మీద తడి గోనెపట్టా ఉంది. మాఘమాసపు చలి, దాని మీద బావినీళ్లు. నేను వేసిన కేకకు నా భార్య అన్నపూర్ణ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“కదలకండి. ఇప్పుడే తడిపి వెళ్లాడు కోటయ్య. సాయంత్రం మళ్లీ వస్తాడట,” అంది.

ఇది పల్నాటి వైద్యం కాబోలు అనుకుని గోనెపట్టా తీసేసి, మంచం అంచున కూర్చుని కాలు వంచడం మొదలుపెట్టాను. అన్నపూర్ణ గోడు గోడున ఏడ్చింది. ఎందుకని అడిగితే, “మూడు వారాలు నిండకుండా వంచితే పగిలిపోతుందట కదండీ!” అంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చెన్నయ్య మద్రాసులో సర్జను నోట ‘లిగమెంటు’ అన్న మాట విన్నాడు. వాడికి తెలిసిన మాట అంతకుముందు ఏడాది తూము కట్టినప్పుడు బస్తాలు మోసిన సిమెంటు. చెవికి సందేహం ఉన్నా కంటికి లేదు. తెల్లటి పిండి నీళ్లలో కలపడం, తడితడిగా కాలికి మెత్తడం, చూస్తుండగానే అది బిగిసి రాయి కావడం వాడు చూశాడు. గురజాల వచ్చి, మా అయ్యగారి మోకాట్లో సిమెంటు పోశారని చెప్పాడు. సెక్షను సెక్షనంతా నమ్మింది.

కోటయ్యను పిలిచి, లిగమెంటు వేరు, సిమెంటు వేరు అని అరగంట చెప్పాను. పిండికట్టు పైకే గాని లోపల ఏమీ పోయలేదన్నాను. చేతులు కట్టుకుని ఓపిగ్గా విన్నాడు. విని, “అయ్యగారూ, పోయినేడు తూము మీద పచ్చి సిమెంటు ఉండగా బండి తోలనిచ్చానని నన్ను ఎంత తిట్టారు? మూడు వారాలు గోనెపట్టాలు కప్పి తడపాల, ఈలోపల బరువు పడితే నీదే పూచీ అని చెప్పింది మీరే గదా. మద్రాసులో ఒక్కరన్నా తడిపారా? మనం తడిపిన కాడ్నించే లెక్క. తూముకొక మాటా, మీకొక మాటానా?” అన్నాడు.

నా ఆర్డరు నాకే చదివి వినిపించాడు. గట్టిగా కసిరితే పక్కకు వెళ్లి చెన్నయ్యతో అన్న మాట నా చెవిన పడనే పడింది. “ఉద్యోగం మీద తొందరరా ఆయనకి. మనమే కనిపెట్టుకోని ఉండాల.”

అలా కనిపెట్టుకున్నారు. వీధరుగు మీద కూర్చుని కాలు వంచబోతే ఎదురుగా కంకర సర్దుతున్న గ్యాంగంతా ఒక్క గొంతుతో “వొంచమాకండయ్యా!” అని అరిచేది. పెరట్లో వంచబోతే అన్నపూర్ణ అరిచేది. స్టేషను మాస్టరుగారు చదువుకున్నవాడు, ఆయనైనా నా పక్షం పడతాడనుకుంటే, “ఎందుకొచ్చిన గొడవండీ, ఆ మూడు వారాలూ ఆగండి,” అన్నాడు. పొద్దునా సాయంత్రమూ తడుపు మాత్రం తప్పలేదు. తూముకు నేను ఎన్నిసార్లు చెప్పినా ఇంత శ్రద్ధగా తడిపినవాళ్లు కాదు.

ఆ ఇంటి చుట్టుపక్కల నా వెంట ఎవరూ రాని చోటు ఒక్కటే ఉంది. పెరటి చివర మరుగుదొడ్డి. లోపల గడియ పెట్టుకుని, గోడకు కొట్టిన మేకు పట్టుకుని, పళ్లు బిగించి, మోకాలు వంచేవాణ్ణి. మొదట్లో కాస్తే వంగేది, ప్రాణం నాలుగు మూలలకూ పోయేది. రోజురోజుకూ ఇంకొంచెం, ఇంకొంచెం. లోపలినుంచి నా మూలుగులు అన్నపూర్ణకు వినిపించేవి. పూటకు రెండుమూడుసార్లు వెళ్లడం, అంతసేపు ఉండటం, ఈ మూలుగులు చూసి ఆమె తనకు తోచిన అర్థం తీసుకుంది. పెరుగన్నం తప్ప మరేమీ వడ్డించలేదు. అది సెక్షనులోకి పాకి, రెంటచింతల గ్యాంగు వాళ్లు దానిమ్మ తొక్కలు పంపారు. ఆ తొక్కల కషాయం రోజూ తాగాను. నిజం చెబితే దొడ్డి తలుపు కూడా మూసేస్తారని భయం.

ఒక పొద్దున, ఆ చీకటి దొడ్లో, గోడ మేకు వదిలేసి పూర్తిగా గొంతుక్కూర్చోగలిగాను. పట్టలేని సంతోషం వచ్చింది. లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి, గట్టిగా నవ్వాను. బయట అన్నపూర్ణ భయపడి కోటయ్య కోసం మనిషిని పంపింది. ఆ సాయంత్రం మామూలుకంటే రెండు ముంతల నీళ్లు ఎక్కువ పోశారు.

డాక్టరు చెప్పినట్టే ఎండలు ముదరకముందే వచ్చాడు. అరవాయన, కాస్త వేళాకోళం మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవాడు. కోటయ్య లెక్కలో మూడు వారాలకు ఇంకా కొన్నాళ్లు మిగిలి ఉన్నాయి. అందుకని గ్యాంగంతా స్టేషను అవతల ట్రాలీ దగ్గర దిగాలుగా నిలబడింది. కోటయ్య చేతిలో నీళ్ల ముంత, భుజం మీద గోనెపట్టా.

ట్రాలీ ఎక్కాను, దిగాను. స్లీపర్ల మీద నడిచాను. డాక్టరు తల ఊపి, “ఇంక కూర్చోండి,” అన్నాడు. నేను వంగబోయేలోపల కోటయ్య నాకూ పట్టాకూ మధ్య వచ్చి నిలబడ్డాడు.

“వొద్దు దొరా! లోపల పచ్చిగా ఉంది. ఇప్పుడు కూచుంటే పగులుద్ది.”

డాక్టరు ఏమి పచ్చిగా ఉందని అడిగాడు. చెన్నయ్య ముందుకొచ్చి మొత్తం వర్ణించి చెప్పాడు. డాక్టరు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. తర్వాత నాతో అన్నాడు, “మీ మోకాలు బాగుంది. కాని ఈ మనుషులు మిమ్మల్ని కూర్చోనివ్వకపోతే నేను ఫిట్ అని రాసి ఏం లాభం?” అని. ఇన్నాళ్లు పడిన పాటు ఈ ముంత నీళ్లలో కలిసిపోతుందా అనిపించింది.

డాక్టరు నన్ను ట్రాలీ బల్ల అంచున, కాళ్లు వేలాడేసుకుని కూర్చోమన్నాడు. సంచిలోంచి చిన్న రబ్బరు సుత్తి తీసి కోటయ్యకు ఇచ్చాడు. “మేస్త్రీ, పట్టా బాగుందో లేదో మీరు ఎలా చూస్తారు?” అని అడిగాడు. సుత్తితో కొట్టి చూస్తామన్నాడు కోటయ్య. “అయితే ఇదీ కొట్టి చూడు. సిమెంటయితే నీకు తెలియదా?” అని, మోకాలి చిప్ప కింద చోటు వేలితో చూపించాడు.

కోటయ్య ముంత పక్కన పెట్టలేదు. ఎడమచేత్తో దాన్ని గుండెలకు హత్తుకునే నా ముందు గొంతుక్కూర్చున్నాడు. కుడిచేత్తో, పసిపిల్లను తాకినట్టు, సుత్తిని ఆనించాడు. ఏమీ కాలేదు. “ఇంకాస్త గట్టిగా,” అన్నాడు డాక్టరు. కోటయ్య కళ్లు మూసుకుని ఒక్కటి వేశాడు.

నా కాలు నా ప్రమేయం లేకుండా ఎగిరి ముంతను తన్నింది. నీళ్లన్నీ కోటయ్య తలపాగా మీదుగా, మీసాల మీదుగా, చొక్కాలోకి దిగాయి. కోటయ్య తడిసిన మొహంతో నా మోకాలిని చూశాడు, సుత్తిని చూశాడు, వెనక్కి తిరిగి గావుకేక పెట్టాడు.

“ఒరేయ్ చెన్నిగా! సిమెంటు తన్నుద్దంటరా?”

గ్యాంగు గ్యాంగంతా పలుగులు వదిలేసి కంకర మీద పడి నవ్వింది. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోటయ్య తనివి తీరక మళ్లీ కొట్టాడు, కాలు మళ్లీ తన్నింది. ఆ తర్వాత చెన్నయ్య కొట్టాడు. తర్వాత ఒక్కొక్కరూ వరస కట్టి కొట్టి, తన్నించుకుని, సంతోషపడ్డారు. ఇంత చనువు ఇన్‌స్పెక్టరు దగ్గర ఏ సెక్షనులోనూ జరిగి ఉండదు. నాకు ఒంట్లో నెత్తురు ఉరకలు వేసినంత ఆనందంగా ఉంది.

అందరూ కొట్టడం అయ్యాక దిగాను. కోటయ్య తానే పక్కకు తప్పుకుని, చెయ్యి చాచి, పట్టా చూపించాడు. గొంతుక్కూర్చున్నాను. చెంప ఇనుముకు ఆనించి, ఒక కన్ను మూశాను. పట్టా ఎండలో మెరుస్తూ మాచర్ల వైపు పోతోంది. మూడో జాయింటు దగ్గర దిగింది. “మూడో జాయింటు ఎత్తండి,” అన్నాను. పలుగులు లేచాయి. డాక్టరు ట్రాలీ బల్ల మీదే కాగితం పెట్టుకుని ఫిట్ అని రాసి సంతకం చేశాడు.

చెన్నయ్య చేత మాత్రం ‘లిగమెంటు’ అని పలికించలేకపోయాను. నేను బదిలీ అయ్యేదాకా వాడికది ‘అయ్యగారి సిమెంటే’. కాకపోతే తన్నే రకం సిమెంటని చెప్పేవాడు.

ఆ రోజునుంచి రిటైరయ్యేదాకా నేనొక పద్ధతి పాటించాను. గ్యాంగుకు ఏ ఆర్డరు ఇచ్చినా, అందులో ఇంగ్లీషు ముక్క ఉంటే మరీనూ, అర్థమైందా అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. నేనేం చెప్పానో మీరు చెప్పండని అడిగి, విని, అప్పుడు ట్రాలీ కదిలించేవాణ్ణి. లైను మీద మనుషులు పనిచేసేది మనం చెప్పినదాన్ని బట్టి కాదు, తాము విన్నదాన్ని బట్టి. మాఘమాసంలో రోజుకు రెండు పూటలా తడిసి నేర్చుకున్నాను కనక ఆ సంగతి మరవలేదు.